ఎడమచేతి శుభలేఖ

నా చేతులకు గోరింటాకు పండిన రోజులకంటే సిరా అంటిన రోజులే ఎక్కువ. మా అక్క పెండ్లి కుదిరిన ఎండకాలమైతే మరీను. వేళ్ళకు సిరా, మణికట్టుకు సిరా, ఒకసారి చెవి వెనక కూడా సిరా. అది అక్కడికి ఎట్లా పోయిందో ఇప్పటికీ చెప్పలేను. నన్ను చూసినప్పుడల్లా అక్క "పెండ్లి నాదా, సిరాదా?" అని నవ్వేది. నాకూ నవ్వు ఆగేది కాదు. ఆ రోజుల్లో నాకు దేనికైనా నవ్వొచ్చేది.

మా బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి కొన్నేండ్లయింది. సర్కారు కచేరీలో కన్నడం, బజార్లో ఉర్దూ, ఔరాద్ వైపు పోతే మరాఠీ. తెలుగు మాత్రం మా ఇండ్లల్లో పొయ్యి దగ్గరా, బావి దగ్గరా, పోట్లాటల్లోనూ వినిపించేదే కానీ ఎక్కడా రాసి కనిపించేది కాదు. నాయనకు సైకిళ్ళు బాగుచేసే దుకాణం. ఆయన చదువంతా ఉర్దూ. నా చదువు సగం ఉర్దూలో, సగం కన్నడంలో సాగింది. అమ్మది జహీరాబాదు అవతలి పల్లె. ఆమెకు వచ్చింది తెలుగొక్కటే, అదీ వాళ్ళన్న పలక మీద దిద్దించినంతే. ఆ చదువునే ఆమె బొగ్గుముక్కతో గచ్చు మీద రాసి నాకు నేర్పింది.

మా ఇంటికి ఏ పెండ్లి కార్డు వచ్చినా అమ్మ రెండు చేతులా అందుకుని, అటూ ఇటూ తిప్పి, మూలల పసుపు చూసి నాయనకు ఇచ్చేది. ఆయన రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. ఫలానా వాళ్ళ పిల్లకు, ఫలానా తారీకు. అమ్మ అంతటితో ఊరుకునేది. కానీ అక్కకు ఔరాద్ సంబంధం ఖాయమైన పొద్దు ఊరుకోలేదు.

"నా బిడ్డ పెండ్లి కార్డు నేను చదువుకోవాలె," అన్నది. "ఒకలు చదివి చెప్పుడు గాదు. నా కండ్లతోని నేను చదువుకోవాలె."

"తెలుగుల అచ్చు ఎవలు కొట్టిస్తరే బీదర్ల?" అన్నాడు నాయన.

"అది మీరు జూసుకోండ్రి," అని అమ్మ లోపలికి పోయి రొట్టెలు చరచడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు రోజూకంటే గట్టిగా ఉంది. అమ్మ తనకంటూ ఏదైనా అడగడం నేను అదివరకు వినలేదు.

ఊళ్ళో ఉన్న ప్రెస్సులో కన్నడం సీసపు అచ్చులున్నాయి కానీ తెలుగువి లేవు. ఇక మిగిలింది ఊరి నడిమి చౌబారా బురుజు వెనక సందులో పాతకాలపు రాతి ప్రెస్సు. దాని యజమాని ఉర్దూ అక్షరాలు చేత్తో రాసే కాతిబ్. నాయన దగ్గరే సైకిలు బాగుచేయించుకునేవాడు, మేమంతా చాచా అనేవాళ్ళం. ఆయన ప్రెస్సులో అచ్చుల పనే లేదు. పసుపురంగు పూత పూసిన కాగితం మీద జిడ్డుసిరాతో చేత్తో రాసి, ఆ కాగితాన్ని తడిపిన రాతి పలక మీద బోర్లించి అదుముతారు. రాత రాయికి ఎక్కుతుంది. ఆ రాయికి రంగు పూసి ఎన్ని కార్డులైనా తీసుకోవచ్చు.

"రాయికి అన్ని జబాన్లు ఒక్కటే భాయ్," అన్నాడు చాచా నాయనతో. "మగర్ నాకు తెలుగు రాదు. లిఖ్నేవాలా, రాసెటోడు ఎవడున్నడు?"

"నేనున్న గదా!" అన్నాను.

అడగకముందే నోరు తెరిచే గుణం మా ఇంట్లో నాదే. పద్దెనిమిదేండ్ల వయసు. బడిలో బలపం, ఆ తర్వాత జేబులూ సంచులూ తడిపే ఒక ఫౌంటెన్ పెన్ను. సిరాలో ముంచి రాసే కలం పుట్టి బుద్ధెరిగి పట్టలేదు. అయినా అనేశాను. చాచా నన్ను కిందినుంచి పైదాకా చూసి, "రేపు రా. పాత బట్టలు ఏస్కో," అన్నాడు.

పాత బట్టలు ఎందుకో మర్నాడు తెలిసింది. చెక్క పిడికి ఇనుప పాళీ గుచ్చిన కలం చేతికిచ్చి, ఒక్క గీత గీయమన్నాడు. నేను పాళీని దవాత్‌లో, అంటే ఆయన సిరాబుడ్డిలో, మెడదాకా ముంచి తీశాను. కాగితం దాకా పోనేలేదు. టప్‌మని ఒక చుక్క ఒళ్ళో, ఒక చుక్క చాప మీద, మూడోది చాచా తెల్లటి పైజామా మీద పడ్డాయి.

"ఐసా నక్కో బేటీ! పాళీకి సిరా తాపకు, నాకిపియ్యి! నాకిపియ్యి!"

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి ఊగింది. చెయ్యి ఊగితే నాలుగో చుక్క కూడా పడింది. చాచా తౌబా తౌబా అంటూ లేచిపోయాడు. ఆయనకు గడ్డానికి వేసిన రంగు మీదా, తన రాత మీదా ఉన్నంత ప్రేమ మరి దేనిమీదా లేదు. నిజాం కాలంలో తాను రాసిన అక్షరం చూసి ఎవరెవరు కన్నార్పకుండా నిలబడ్డారో రోజుకొకసారైనా చెప్పేవాడు. నిలబడేవాళ్ళ హోదా మాత్రం చెప్పినకొద్దీ పెరిగేది.

సిరా మనం చెప్పినట్టు వినదు. ఎక్కువైతే అక్షరం కడుపు ఉబ్బి బొట్టవుతుంది. తక్కువైతే గీత మధ్యలో రెండుగా చీలి తెల్లగా పోతుంది. మొదటి అక్షరానికి పొంగుతుంది, నాలుగో అక్షరానికి ఎండిపోతుంది. మెల్లగా రాస్తే అక్కడే మడుగు కడుతుంది, గబగబా రాస్తే వెంట రాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను పాళీని తిట్టాను, కాగితాన్ని తిట్టాను, చివరికి చాచా మేకను కూడా తిట్టాను. ఆ మేకకు పూత కాగితంలోని గంజి ఇష్టం. నేను పాడుచేసిన కాగితాలన్నీ దానికే. నేను కలం నేర్చుకున్న ఆ నాళ్ళలో అది బాగా ఒళ్ళు చేసింది.

పాళీ అంచును బుడ్డి మూతికి ఆనించి దులపడం నేర్చుకున్నాను. ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాను, ఆ తర్వాత ఊపిరి బిగబడితే చెయ్యి ఇంకా వణుకుతుందని తెలిసి వదలడమూ నేర్చుకున్నాను. అయినా పొంగు తగ్గలేదు. అప్పుడు చాచా తన సొంత దవాత్ మూత తీసి లోపల చూపించాడు. అడుగున నల్లటి మెత్తటి ముద్ద ఒకటి ఉంది.

"పట్టుపీచు. సిరాను ఇది పట్కుంటది. పాళీతోని దీన్ని ముట్టాలె, సిరాను గాదు. ఇది ఎంతిస్తే అంతే తీస్కోవాలె. మగర్ నాది అడగకు, ఇయ్య. నూలు నక్కో, ఉన్ని నక్కో. అసలు పట్టు తే."

అసలు పట్టు మా ఇంట్లో ఎక్కడిది? ఒక్క అమ్మ పెండ్లిచీర తప్ప. నేను ఆ సంగతి నవ్వుతూ, ఇంకోదారి ఏదైనా ఉందేమోనన్నట్టు చెప్పాను. అమ్మ పెట్టె తెరిచింది. చీర మడత విప్పి, కట్టుకున్నప్పుడు నడుము దగ్గర లోపలికి పోయే కొస చూసి, కత్తెరతో జానెడు ముక్క చక్కగా కత్తిరించి నా చేతిలో పెట్టింది.

"లోపలికి పోయే ముక్కనే. ఎవలకు కనబడ్తది?" అన్నది.

నా నవ్వు టక్కున ఆగింది. ఈ కార్డు అమ్మకు ఎంత కావాలో నాకు అప్పుడు తెలిసింది. ఇక తప్పు చెయ్యడానికి వీల్లేదని భయమేసింది. ఆ ముక్కను పోగులుగా విప్పి, ఉండచేసి దవాత్‌లో వేశాను. దాన్ని పాళీతో తాకి కాగితం మీద పెడితే మొదటిసారి గీత మొదటినుంచి చివరిదాకా ఒకే నలుపుతో వచ్చింది. ఒక్క గీతకే చాప మీద ఎగిరి గంతేశాను. చాచా కూడా గంతేశాడు కానీ అది నేను దవాత్‌ను తన్నేస్తానేమోనన్న భయంతో.

గీత వచ్చింది కానీ అక్షరం రాలేదు. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి చాచా తన పాళీల కొసలన్నీ రాయి మీద ఏటవాలుగా అరగదీసి పెట్టుకున్నాడు. నా కుడిచేత్తో తెలుగు రాయబోతే ఆ పాళీ కాగితాన్ని గీరేది, సిరా చిమ్మేది. నేను పుట్టు ఎడమచేతివాటం. బడిలో పంతులు కణుపుల మీద కొట్టి కొట్టి రాత ఒక్కటి కుడిచేతికి మార్చాడు. మిగిలినవన్నీ, రొట్టె చరచడం, చీపురు పట్టడం, అక్కను గిల్లడం, ఎడమచేత్తోనే. ఒక మధ్యాహ్నం చాచా నమాజుకు లేచిపోగానే కలం ఎడమచేతికి మార్చాను. అంతే! అరగదీసిన ఆ కొస నా ఎడమచేతికోసమే చేసినట్టు కూర్చుంది. క గుండ్రంగా తిరిగింది, ర నిండుగా వచ్చింది. చాచా తిరిగొచ్చి నా చేతిని చూసి "ఉల్టా హాత్!" అని నోటిమీద చెయ్యేసుకున్నాడు. తర్వాత కాగితం చూశాడు. చాలాసేపు చూసి, "నడువనీ," అన్నాడు. నిజాం కాలం సంగతులు ఆ రోజు చెప్పలేదు.

ఈ సంగతి మా మేనత్తకు ఎవరు చేరవేశారో కానీ ఆమె మన్నళ్ళి నుంచి మొదటి బస్సుకే దిగింది. నాయనకు అక్క. మా ఇండ్లల్లో ఏ శుభకార్యమైనా ఆమె తలూపితేనే.

"ఎడమచేత్తోని పెండ్లి పత్రిక రాస్తరా? పిల్ల కాపురం జెయ్యాల్నా వద్దా?"

నేను పోట్లాటకు చీర కుచ్చిళ్ళు దోపాను. నాకంటే ముందు అమ్మే మాట్లాడింది. "కార్డుల అక్షరాలుంటయి వదినా, చేతులుండయి. ఎవలకు తెలుస్తది?"

"దేవునికి తెల్వదా?"

"ఆయినే గదా ఆ చెయ్యి ఇచ్చింది," అన్నది అమ్మ, చాయ గ్లాసు ఆమె చేతికిస్తూ. అత్త చాయ తాగింది కానీ ఒప్పుకోలేదు.

ఎడమచేత్తో ఇంకో చిక్కుంది. తెలుగు ఎడమనుంచి కుడికి పోతుంటే నా అరచెయ్యి వెనకే వచ్చి తడి అక్షరాలన్నిటినీ తుడిచేసేది. పూత కాగితానికి చేతి జిడ్డు తగిలినా చాలు, వేలిముద్ర కూడా కార్డు మీదికి ఎక్కుతుంది. నేను ఉర్దూ బడిలో చదివిన పిల్లను కదా, కాగితానికి కుడి కొసనుంచి మొదలుపెట్టాను. వరసలో చివరి అక్షరం ముందు, మొదటి అక్షరం చివర. ఇక చెయ్యి ఎప్పుడూ పొడి కాగితం మీదే ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయి, చాచాను పిలిచి చూడమని పక్కన కూర్చోబెట్టుకుని, ఆహ్వానం వరస మొత్తం వెనకనుంచి ముందుకు రాసుకుంటూ వచ్చాను. ఎడమ అంచుకు వచ్చేసరికి ఇంకా మూడక్షరాలు మిగిలాయి, కాగితం మిగల్లేదు. చాచా ఆ కాగితం తీసి మేకకు పెట్టాడు. ఇద్దరం గోడకు ఆనుకుని కండ్లనుంచి నీళ్ళు కారేదాకా నవ్వాం. తర్వాత ప్రతి వరసనూ ముందు మామూలు కాగితం మీద కొలిచి, అది కింద పెట్టుకుని రాయడం పట్టుబడింది.

అసలు కార్డు రాసిన రోజు తలస్నానం చేసి పోయాను. మైనం, సబ్బు, మసి కలిపిన జిడ్డుసిరా ముద్దను చాచా గిన్నెలో నీళ్ళతో అరగదీసి, అమ్మ పట్టుపీచు అందులో వేసి నా ముందు పెట్టాడు. పిలిచేవాళ్ళ వరసలో నేనొక పని చేశాను. అప్పట్లో కార్డుల్లో తండ్రి పేరే ఉండేది. నేను నాయన పేరు పక్కన అమ్మ పేరు కూడా రాశాను. ఎవరినీ అడగలేదు. రాసేది నేనే కదా! కుడినుంచి వస్తున్నాను కాబట్టి ఆ వరసలో అమ్మ పేరే ముందు రాయాల్సి వచ్చింది. వరస మొదట్లోనే బొట్టు పడుతుందేమోనని పాళీని బాగా దులిపాను. పేరు సన్నగా, అందంగా వచ్చింది. లోపల నాకు తబలా మోగుతున్నది.

కాగితాన్ని రాతి మీద బోర్లించి అదిమి, పైన నీళ్ళు చల్లి, మెల్లగా లేపాడు చాచా. రాయి మీద మా అక్క పెండ్లి మొత్తం తిరగబడి కనిపించింది. రంగు రోలరు ఒకసారి దొర్లించాడు. అక్షరాలు నల్లగా లేచాయి. ఒక్క చోట తప్ప. అమ్మ పేరుండాల్సిన చోట రాయి ఖాళీగా ఉంది. భయపడి సిరా తక్కువ పెట్టాను, రాయి ఎత్తుకోలేదు.

"ఏం గాదు బేటీ," అన్నాడు చాచా. "ఒక్క పేరే గదా. నాయిన పేరుంది. బస్ హోగయా."

"అది మా అమ్మ పేరు చాచా!" అని అరిచాను. మేక కూడా తలెత్తి చూసింది.

"ఉర్దూ అయితే నేనే దిద్దుదును. రాయి మీద ఉల్టా రాయాలె. తెలుగు ఉల్టా నాకెట్ల వస్తది? పూత కాగితం కూడ అయిపోయింది. హైదరాబాదు నుంచి రావాలె, పెండ్లి అయిపోతది."

ఉల్టా. ఆ మాట వినగానే నాకు కడుపులోనుంచి నవ్వు తన్నుకొచ్చింది. అమ్మ బొగ్గుతో అక్షరాలు నేర్పుతున్న రోజుల్లో నేను ఎడమచేత్తో రాసినవన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడే వచ్చేవి. అమ్మ నవ్వి ఊరుకునేది. బడిలో పంతులు నవ్వలేదు.

"కలం ఇటియ్యి చాచా."

ఆయన ఆ ఖాళీ చోటు ఆరబెట్టి, గీకి శుభ్రం చేశాడు. "రాయి కాగితం తీరు తాగదు. సిరా పైననే నిలుస్తది. చాలా తక్కువ తీస్కో," అన్నాడు. ఇందాక తక్కువయ్యే పేరు పోయింది, ఇప్పుడు మళ్ళీ తక్కువ తీసుకోమంటున్నాడు! పట్టుపీచును పాళీతో తాకాను. దులపలేదు. చెయ్యి గాలిలో ఉంచి, కుడినుంచి ఎడమకు, తిరగేసి, అమ్మ పేరు రాశాను. ఆలోచించలేదు. ఆలోచిస్తే రాదని తెలుసు. చెయ్యి దానంతట అదే పోయింది. దాన్ని ఎన్నేండ్లు కొట్టినా మరిచిపోలేదు. చివరి కొమ్ము తిప్పి కలం లేపాక చూస్తే చాచా రెండు కండ్లూ మూసుకుని కూర్చున్నాడు.

రోలరు దొర్లింది. మొదటి కార్డు రాయిమీదినుంచి లేచింది. నాయన పేరు, పక్కన అమ్మ పేరు, మిగిలిన అక్షరాలకంటే ఒక పిసరు లావుగా, నల్లగా. తడి ఆరకముందే ఆ కార్డు పట్టుకుని ఇంటిదాకా పరుగెత్తాను. దారిలో ఎవరో పిలిచారు. ఆగలేదు.

ఇంట్లో అత్త పసుపు దంచుతున్నది. వీధిలోని ఆడవాళ్ళు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అక్క బియ్యం ఏరుతున్నది. నాయన బయట సైకిలు చక్రం సరిచేస్తున్నాడు. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, కార్డును రెండు చేతులా అందుకుంది. ఈసారి తిప్పి చూడలేదు. గడప దగ్గర వెలుతురులో నిలబడి, వేలు కింద పెట్టుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ముక్క ముక్కగా, కూడబలుక్కుంటూ. ముహూర్తం చదివింది. అక్క పేరు చదివింది, అక్క తల దించుకుంది. ఔరాద్ వాళ్ళ పేరు చదివింది. పిలిచేవాళ్ళ వరస దగ్గరకొచ్చి ఆగిపోయింది.

తప్పు రాశానా? అప్పుడు అర్థమైంది. అక్కడ ఉన్నది నాయన పేరు. పెండ్లయిననాటినుంచి అమ్మ నోట ఆ పేరు రాలేదు. మా వాళ్ళలో ఏ ఆడదీ మొగుని పేరు పలకదు. "ఇగో" అనే పిలిచేది. చదివి చూసుకోవాలని ఇంత పట్టుబట్టిన మనిషికి గానీ, ఇంత రాసిన నాకు గానీ ఈ సంగతి తట్టనే లేదు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని కిసకిస నవ్వారు. అమ్మ వేలు ఆ పేరు దాటి పక్కకు జరిగింది. అక్కడ తన పేరుంది. దాన్ని చూసింది. నా వైపు చూసింది. ఆమె కండ్లు తడిశాయి, మూతి మాత్రం నవ్వుతున్నది. వేలు మళ్ళీ వెనక్కు తెచ్చి నాయన పేరు కింద పెట్టింది.

"ఓ పిల్లా, మొగుని పేరు తీస్తవా?" అన్నది అత్త రోకలి ఆపి.

"తీస్తలేను వదినా. చదువుతున్న."

ఆ మాట అని, అమ్మ నాయన పేరు చదివింది. పూర్తిగా, ఇంటిపేరుతో సహా, వాకిలి దాటి వినిపించేటంత గట్టిగా.

"ఆఁ, వస్తున్న!" అని బయటినుంచి పలికాడు నాయన. చేతికి గ్రీసుతో గడప దాకా వచ్చి నిలబడి, ఎవరు పిలిచారా అని అందరి మొహాలూ చూశాడు. ఆడవాళ్ళు నవ్వి నవ్వి ఒకరి మీద ఒకరు పడ్డారు, అత్త కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. పిలిచింది ఎవరో ఆయనకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తెలిశాక చెవులు ఎర్రబడ్డాయి. అయినా అక్కడినుంచి కదల్లేదు.

అమ్మ కార్డు దించలేదు. ఆయన మొహంలోకి ఒకసారి చూసి, ఆ వరస మొదటినుంచి మళ్ళీ చదివింది. ఆయన పేరు, తన పేరు, ఈసారి ఎక్కడా ఆగకుండా.